లేచాక అడుగుదాం

మైదానంలో మనిషి ఎప్పుడైనా స్పృహ తప్పవచ్చు గానీ, రిఫరీ ఈల వేశాకే అతన్ని బతికించాలన్నది నాగరికత సాధించిన గొప్ప క్రమశిక్షణ; అయితే పడిపోయినవాడు రిఫరీయే అయినప్పుడు ఈల ఎవరు వెయ్యాలన్న దగ్గర నాగరికత కాస్త తడబడినట్టుంది, అనుకున్నాడు టింక్చరు, మందుల సంచి చంకన పెట్టుకుని సున్నపు గీతకి ఇవతల నిలబడి.

టింక్చరంటే గోదాము గుమాస్తా. ఆఫీసుల ఫుట్‌బాల్ పోటీలకి ప్రథమ చికిత్స బాధ్యుడు. పడిపోయిన రిఫరీ అతని అక్క మొగుడు. పోయినేడు ఎవరికో చీలమండ మెలికపడితే, ఈల వినబడకముందే పరుగెత్తినందుకు ఆ బావే ఇతనికి ఎర్రకార్డు చూపించాడు. (అక్క కూడా, "తప్పు నీదేరా" అంది.)

ఆట సాగుతూనే ఉంది. ఆపే అధికారం ఉన్నవాడు గడ్డి మీద బోర్లా పడి ఉన్నాడు. ఆటగాళ్ళు మర్యాదగా ఆయన్ని చుట్టి పరుగెత్తుతున్నారు. (ఒకడు గోల్ కూడా కొట్టి, అది గోలేనని చెప్పే దిక్కులేక చేతులు సగం ఎత్తి ఆగాడు.)

"లోపలికి వెళ్ళనా సార్?" అని భద్రతా సంఘం అధ్యక్షుణ్ణి అడిగాడు టింక్చరు.

"రిఫరీ అనుమతి ఉందా?"

"పడింది బావగారే సార్."

"నాకు కళ్ళు లేవటయ్యా? లేవగానే అడుగుదాం."

"లేపడానికే కదా సార్ నేను వెళ్ళేది!"

"అదే, లేచాక వెళ్ళు. పోయినేడు తగిలింది చాల్లేదా?"

పక్కనున్న టీం మేనేజరు సర్దిచెప్పాడు: "ఆలోచిస్తున్నారేమోలెండి. ఆఫ్‌సైడ్ అంటే ఆయనకి కాస్త టైం పడుతుంది."

టింక్చరు కాళ్ళు కదల్లేదు. బావ చస్తాడేమోనన్న భయం ఒకపక్క, బతికి లేస్తాడేమోనన్న భయం మరోపక్క. రెండిట్లో ఏది పెద్దదో తేలకపోవడం అతనికే సిగ్గుగా అనిపించింది.

చివరికి బూటు అంచుతో సున్నపు గీతని రుద్దడం మొదలుపెట్టాడు. గీత దాటరాదని నియమం. గీత లేనిచోట నడవరాదని ఎక్కడా లేదు.

"ఏయ్, ఏంటా పని?"

"తుడుస్తున్నాను సార్," అని, ఆ సందులోంచి పరుగందుకున్నాడు.

"అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి!" అని మేనేజరు కేసి అరిచాడు. బావ భుజం తట్టాడు, పిలిచాడు. పలుకు లేదు. వెల్లకిలా తిప్పి, గడ్డం పైకెత్తి, ముక్కు దగ్గర చెంప ఆనించాడు. ఊపిరి ఆడుతోంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి, కాలర్ గుండీ విప్పాడు.

కాసేపటికి బావ కళ్ళు తెరిచాడు. ముందు ఇతని మొహం చూశాడు, తర్వాత గీతలో సందు చూశాడు.

"ఎవడ్రా... నిన్ను రమ్మంది?"

బావ చెయ్యి కార్డుల జేబు కేసి పాకింది. టింక్చరు ఆ మణికట్టు దొరకబుచ్చుకుని, గట్టిగా నేలకి ఆనించాడు.

"కదలకు బావా," అన్నాడు. "రూలు."