తొక్క తీయాలా, ఉంచాలా?

మార్తీజ్‌కు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: తను పిల్లను సరిగ్గా చూసుకోవడం లేదని పక్కింట్లో ఉండే అత్తగారికి తెలిసిపోవడం. పిల్లకు జ్వరం వచ్చినా, లెక్కల్లో సున్నా వచ్చినా ముందు తలుపు వేసి, తర్వాత ఏడ్చేది. ఆ జనవరి ఆదివారం మధ్యాహ్నం తలుపు వేసింది మాత్రం కుందేలు కోసం.

అనుకున్న పని చాలా చిన్నది. సాయంత్రం నాలుగింటికి చర్చి మెట్ల దగ్గర ఫాదర్ అన్టన్ ఊళ్లోని జంతువులన్నిటికీ ఆశీర్వాదం ఇస్తారు. ఏడేళ్ల ఇలేనియా తన కుందేలు హెల్వాకు ఎర్ర రిబ్బను కట్టి, బడి పిల్లలందరి ముందూ నిలబడాలని నెల రోజులుగా కలలు కంటోంది. పిల్ల చర్చిలో సత్యోపదేశం క్లాసు నుంచి వచ్చేలోగా కుందేలును దువ్వి ఉంచితే చాలు. రెండిళ్లకూ ఉమ్మడిగా ఉన్న డాబా మీద, గూటి పక్కన కూర్చుని మార్తీజ్ దువ్వడం మొదలుపెట్టింది. దువ్వెన మెడ వెనక ఆగిపోయింది. బొచ్చు విడదీసి చూస్తే కందిగింజలంత పెచ్చులు, చుట్టూ పిండి చల్లినట్టు పొట్టు. లేచి అత్తగారి వైపు డాబా తలుపుకు గడియ పెట్టి వచ్చింది.

ఆత్రం ఆగక గోటితో ఒక పెచ్చు లాగింది. అది కుచ్చు బొచ్చుతో సహా ఊడొచ్చి, కింద నెత్తురు చుక్క మెరిసింది. హెల్వా తల తిప్పి చూసింది. ఆ చూపు అచ్చం అత్తగారి చూపే.

ఎవర్ని అడగాలి? భర్త సాల్వు ఓడ డ్యూటీలో ఉన్నాడు. ఆదివారం పశువుల డాక్టరు తలుపు తీయడు. అత్తగారు చెన్సాను అడిగే ప్రశ్నే లేదు. "వండుకునేదానికి పేరు పెట్టి రిబ్బను కట్టారట! దాన్ని చూస్తే నాకు ఉల్లిపాయలు గుర్తొస్తాయి" అని రోజుకోసారి అనకపోతే ఆవిడకు పొద్దుపోదు. ఇక మిగిలింది పండుగ కమిటీ ఆడవాళ్ల ఫోన్ గ్రూపు.

మార్తీజ్ పదమూడేళ్లకే బడి మానేసింది. రాస్తే తప్పులు బయటపడతాయని రెండు ముక్కల్లో ముగిస్తుంది. పైగా పుండు అని రాయడానికి సిగ్గేసింది. మా భాషలో పుండు మీది పెచ్చుకూ, రొట్టె మీది అట్టకూ, జంతువు తోలుకూ, దేని తొక్కకైనా ఒకటే మాట. ఆ మాట చాలనుకుంది. "ఇంట్లో కుందేలు ఉంది. తొక్క తీయాలా, ఉంచాలా? నాలుగింటికల్లా తయారవాలి" అని రాసి పంపింది.

ఆదివారం పూట మా ఊళ్లో కుందేలంటే ఎవరికి ఏం గుర్తొస్తుందో వేరే చెప్పాలా? క్షణంలో జవాబులు కురిశాయి.

"తొక్క తీయకుండా ఎలాగే తల్లీ?" అని మాంసం కొట్టు డోలోరెస్ రాసింది.

"ఎర్ర వైన్లో వెల్లుల్లి దంచి వెయ్యి. బిర్యానీ ఆకు మర్చిపోకు."

"రాత్రంతా నానాలి. తొందరైతే రెండు గంటలు."

ఇంతమంది ఒకే మాట చెబుతుంటే కాదనడానికి తనెంత? పాతకాలంలో గాయాలు వైన్‌తోనే కడిగేవారని ఎక్కడో విన్నది కూడా; నానితే పెచ్చు నొప్పి లేకుండా ఊడుతుందనుకుంది. వైన్లో వెల్లుల్లి దంచి, ఆకు చిదిమి, గుడ్డ ముంచి హెల్వా మెడకు చుట్టింది. హెల్వా మూడుసార్లు తుమ్మి, గుడ్డ అంచు నమలడం మొదలుపెట్టింది. అప్పుడొచ్చింది డోలోరెస్ రెండో జవాబు: "నానాక నూనెలో ఎర్రగా వేపు. తలకాయ పారేయకు, పులుసుకు పనికొస్తుంది."

మార్తీజ్ గబుక్కున గుడ్డ లాగేసి, డాబా మీద అలాగే కూలబడింది. నిజం రాద్దామని నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ చెరిపేసింది. పెంపుడు కుందేలును కూరకు నానబెట్టినట్టు నానబెట్టానని ఏ మొహంతో రాస్తుంది?

ఆలోగా కింద తలుపు దబదబమంది. కుందేలును చంకలో పెట్టుకుని దిగి, వంటింట్లో వదిలి, వెళ్లి తలుపు తీసింది. రెండు పెద్ద రొట్టెలతో డోలోరెస్.

"వాసన వీధి చివరిదాకా వస్తోందే అమ్మాయ్! ఎంతమందిని పిలిచావ్? నన్ను పిలవలేదని నేనేం అనుకోనులే, వచ్చేశాగా."

లేదు అనాల్సిన మార్తీజ్ నోట్లోంచి "ఇంకా ఉడకలేదక్కా" అన్న మాట వచ్చింది. సిగ్గు అలాంటిది. అప్పటికే డోలోరెస్ వెనక ఇలేనియా నిలబడి ఉంది, చేతిలో ఎర్ర రిబ్బనుతో.

"ఏం ఉడకలేదమ్మా?"

"ఇంకేముందే, కుందేలు!" అంది డోలోరెస్, బుగ్గ గిల్లుతూ.

పిల్ల పెట్టిన కేకకు ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. "తింటావా? నా హెల్వాను తింటావా?" అని తల్లిని రెండు చేతులా కొట్టడం మొదలుపెట్టింది. మార్తీజ్ నోరు తెరిచేలోగా పెద్ద అల్యూమినియం గిన్నెతో, మూతతో సహా, చెన్సా ఊడిపడింది. ఆవిడ కూడా ఆ గ్రూపులో ఉందన్న సంగతి మార్తీజ్‌కు అప్పుడు గుర్తొచ్చింది.

"ఎక్కడే అది? బతికే ఉందా?"

"ఉంది అత్తయ్యా, కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు. తప్పుకో!"

చెన్సా వంటింట్లోకి దూరి, కుందేలును గిన్నెలో దించి, మూత ఓరగా పెట్టి వీధిలో పడింది. వెనక "వద్దు నాన్నమ్మా, వద్దు!" అంటూ పిల్ల, పిల్ల వెనక చెప్పుల్లేకుండా తల్లి, ఆ వెనక "వదినా, పొయ్యి ఇంట్లో ఉంటే అటెక్కడికి?" అంటూ రొట్టెలతో డోలోరెస్.

చర్చి మెట్ల దగ్గర జనం అప్పటికే గుర్రాలతో, కుక్కలతో, పంజరాలతో బారులు తీరారు. చెన్సా బారునంతా తోసుకుంటూ ముందుకు వెళ్లింది. ఫాదర్ అన్టన్ మూత ఎత్తి చూశారు. వైన్, వెల్లుల్లి గుప్పుమన్నాయి. తీర్థం చల్లబోయిన చెయ్యి గాల్లోనే ఆగింది.

"చెన్సమ్మా, దీన్ని ఆశీర్వదించమంటావా, భోజనానికి ముందు ప్రార్థన చదవమంటావా?"

బారంతా పగలబడి నవ్వింది. మార్తీజ్ మెట్ల మీద మొహం కప్పుకుని కూర్చుండిపోయింది. బడి పిల్లలు, వాళ్ల తల్లులు, టీచరు, అందరూ చూశారు. తను ఇన్నాళ్లూ తలుపు వేసి దాచిందంతా ఒక్క మూత ఎత్తగానే బయటపడిపోయింది.

"నవ్వులాపండి! దీని మెడ మీద నెత్తురుంది, డాక్టరెక్కడ?" అని చెన్సా అరిచింది.

పశువుల డాక్టర్ స్కెంబ్రి ముసలి కుక్కను పట్టుకుని అదే బారులో ఉన్నాడు. గిన్నెలోకి వంగి, మెడ మీది బొచ్చు విడదీశాడు.

"పురుగు పట్టింది. కంటికి కనబడనంత చిన్నది. రెండు మూడు సూదులకు పోతుంది. ఈ పెచ్చు ఎవరు లాగారు?"

మార్తీజ్ చెయ్యెత్తింది, బళ్లో పిల్లలా.

"పెచ్చు దానంతట అదే ఊడాలమ్మా. ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లతో తడిపితే చాలు. వైన్ నాకు పోయండి." కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఇది మనుషుల్నీ కుడుతుంది. ఇంట్లో ఎవరికైనా దురదలున్నాయా?"

"నాకు లేవు," అంది ఇలేనియా. "నాకూ లేవు," అంది మార్తీజ్.

చెన్సా స్వెట్టరు చేతులు మణికట్టు దాకా లాక్కుంది. డాక్టరు వాటిని పైకి మడిచాడు. రెండు ముంజేతుల లోపలివైపూ ఎర్రటి దద్దుర్లు.

"ఒళ్లో పెట్టుకుని, చేతులు చుట్టి కూర్చునేవాళ్లకే ఇక్కడ వస్తాయి. రోజుకు ఎంతసేపు?"

"బట్టలారేయడానికి డాబా ఎక్కుతాను కదా..." చెన్సా నేల చూపులు చూసింది. "గూడు తీస్తే చలికి అదే వచ్చి ఒళ్లోకి ఎక్కుతుంది, లోపలికి తెచ్చి టీవీ ముందు కూర్చుంటాను. సీరియల్ అయ్యేదాకా. రెండు సీరియళ్లు."

"మరి దాన్ని చూస్తే ఉల్లిపాయలు గుర్తొస్తాయన్నావు, నాన్నమ్మా!"

"గ్రూపులో చూసి, మీ అమ్మ నిజంగానే కోసేస్తోందనుకున్నానే. ఆశీర్వదించినదాన్ని ఎవరూ కోయరని ఇటు తెచ్చా, చేతికి ఈ గిన్నే దొరికింది."

ఆవిడ కళ్లు తుడుచుకోవడం ఆ వీధిలో అంతవరకూ ఎవరూ చూడలేదు. డోలోరెస్ ఏం చేయాలో తోచక రొట్టె తుంచి గుర్రానికి పెట్టింది. ఫాదర్ అన్టన్ ముందు కుందేలు మీద, ఆ తర్వాత, అడక్కుండానే, చెన్సా చేతుల మీద తీర్థం చల్లారు.

ఇదంతా జరిగి పది రోజులైంది. రెండో సూది పడింది, పెచ్చులు వాటంతటవే రాలాయి, మెడ మీద నూగు వస్తోంది. కానీ చెన్సా సిగ్గుతో గడప దాటడం లేదు. తలుపు కొట్టడానికి మార్తీజ్‌కు అంతకన్నా సిగ్గు. చెన్సాది చర్చి వెనక సందులో, నీలం తలుపు ఇల్లు. మీరు అటు వెళ్తే ఒకసారి తట్టి, ఆవిడ చేతులు తగ్గాయో లేదో చూసి రండి. తలుపు తీయడం ఆలస్యమైతే కంగారు పడకండి. డాబా మీద గూడు మధ్యాహ్నం పూట ఖాళీగానే ఉంటోంది.