రాని చట్టానికి తొలి దరఖాస్తు

ఆ రోజు చేయవలసిన పనులు నాలుగు: అభ్యంతర పత్రం టైపు చేయించాలి, అధ్యక్షుడి సంతకం పెట్టించాలి, సాయంత్రం ఐదులోపు శాసనసభ కార్యాలయంలో ఇవ్వాలి, ఇస్తూ ఫొటో దిగాలి. పౌరహక్కుల సంఘం కార్యదర్శి నాలుగో పని కింద రెండు గీతలు గీశాడు.

ఐదుగురికి మించి ఒకచోట చేరాలంటే పోలీసు అనుమతి కావాలన్నది కొత్త బిల్లు. ఒక్క అభ్యంతరం వచ్చినా విచారణకు వెళ్తుంది. రాకపోతే నేరుగా ఓటింగే. గడువు ఆ సాయంత్రమే.

"తొమ్మిది మందిమి వెళ్తున్నామే, రేపు ఎవరైనా వేలెత్తి చూపితే?" అన్నాడు అధ్యక్షుడు. తన నీడకు కూడా దారిచ్చే రిటైర్డ్ ప్రిన్సిపాల్ ఆయన.

"ముందే అనుమతి తీసుకుంటే పోలా!" అన్నాడు కార్యదర్శి.

"ఆ చట్టం ఇంకా రాలేదు కదండీ," అంది టైపిస్టు.

"నువ్వు టైపు చెయ్యమ్మా. చట్టం సంగతి మేం చూసుకుంటాం."

స్టేషన్లో ఎస్సై తల గోక్కున్నాడు. లేని చట్టానికి ఫారం ఎక్కడిది? "చదువుకున్నోళ్లు, మీరే ఒకటి రాసివ్వండి సార్."

పెద్దలు పొంగిపోయారు. పేరు, తండ్రి పేరు, గుమిగూడే ఉద్దేశం... "బ్లడ్ గ్రూప్ కూడా పెట్టండి!" అన్నాడు కోశాధికారి. బిల్లు రాసినవాళ్లకే తట్టని గళ్లు పదకొండు తేలాయి. మురిసిపోయిన ఎస్సై, వాళ్లు నింపిన ఫారాన్ని పైఅధికారులకు పంపాడు. జవాబు కోసం తొమ్మిది మందీ బెంచీల మీద బుద్ధిగా కూర్చున్నారు.

"నాలుగు దాటింది సార్," అంది టైపు చేసిన పత్రంతో స్టేషన్‌కొచ్చిన టైపిస్టు. "మరుగుదొడ్డికి తలుపు పెట్టమని మా అమ్మావాళ్లు పదిమంది రోజూ మిల్లు గేటు దగ్గర నిలబడుతున్నారు. ఇది పాసైతే వాళ్లని ఈడ్చుకెళ్తారు. సంతకం పెట్టండి, నేనొక్కదాన్నే వెళ్లి ఇచ్చొస్తా."

"అనుమతి రాకుండానే? తొందరపడకమ్మా," అన్నాడు అధ్యక్షుడు, కలం జేబులో పెట్టుకుంటూ.

పత్రంలో సంతకం కోసం వదిలిన ఖాళీలో ఆమె తన పేరే రాసి, బస్సెక్కింది.

వారం తర్వాత మంత్రి సభలో ఆ ఫారం ఊపాడు: "పౌరహక్కుల సంఘమే దరఖాస్తు పెట్టుకుంది! ఇంకెవరికండీ అభ్యంతరం?" బల్లలు దద్దరిల్లాయి. అప్పుడు శాసనసభ కార్యదర్శి లేచి, అభ్యంతరం ఒకటి గడువుకు పది నిమిషాల ముందు అందిందని చదివాడు. బిల్లు విచారణకు వెళ్లింది.

ఇది తమ పోరాట ఫలితమని సంఘం ప్రకటించింది. అనుమతి లేకుండా వెళ్లినందుకు టైపిస్టును సంజాయిషీ అడిగింది. మిల్లు గేటు దగ్గర నేటికీ పదిమంది నిలబడగలుగుతున్నారు. అటువైపు వెళ్తే ఆ టైపిస్టును ఒకసారి తలచుకోండి, సంఘం చరిత్రలో ఆమె పేరుకు చోటు చాలలేదట.