కారు దిగని పెద్దమనిషి

“కారు వేరు, స్పోర్ట్సు కారు వేరు! కారు మనిషిని మోస్తుంది. స్పోర్ట్సు కారు మనిషి పరువును మోస్తుంది!”

ఉద్యోగ నియామకాల ఆఫీసులో సూపరింటెండెంటుగారు ఈ మాట సెలవిచ్చినప్పుడల్లా గుమాస్తాలు పెన్నులు కింద పెట్టి మరీ తలలూపేవారు. ఊపక చస్తారా! ఆయనకున్నది అలాంటిలాంటి కారు కాదు. ఎర్ర రంగు, రెండే సీట్లు, నేలకు జానెడెత్తు. పెళ్ళయిన కొత్తలో ముచ్చటపడి కొన్నది. ప్రతి ఆదివారం టోపీ పెట్టి, నల్లకళ్ళద్దాలు తగిలించి, అందులో ఊరంతా ఒక చుట్టు చుట్టి వచ్చేవారు. అందుకని వీధి ఆయనకు ‘రేసుగారు’ అని పేరు పెట్టేసింది.

రేసుగారి ప్రత్యేకత ఏమిటంటే, ఎక్కడికి వెళ్ళినా కారు దిగరు. క్లబ్బు ముందు ఆగి హారన్ కొడతారు. స్నేహితులే బయటికొచ్చి, నడుం వంచి మాట్లాడి వెళ్ళాలి. ఎవరైనా పోయినా సరే, సంతాపం కారు కిటికీలోంచే! “అబ్బ, ఏం దర్జా!” అనుకునేవారు చూసినవాళ్ళు.

దర్జా లేదు, పాడూ లేదు. ఆయన దిగలేరు! కారు కొన్ననాటి నడుం వేరు, ఇప్పటి పొట్ట వేరు. కూర్చునేటప్పుడు భూమ్యాకర్షణ శక్తి దయతలుస్తుంది. లేవడానికి మాత్రం ఇల్లాలే దిక్కు. కారు షెడ్డులోకి రాగానే ఆవిడ షట్టరు దించి, కొంగు బిగించి, గోడకు ఒక కాలు తన్నిపెట్టి, ఆయన రెండు చేతులూ పట్టుకుని బయటికి లాగాలి. ఈ సంగతి ఆ ఇద్దరికీ తప్ప మూడో కంటికి తెలియదు.

మొన్నీమధ్య అలా లాగుతూండగా ఆవిడ నడుం కలుక్కుమంది. డాక్టరమ్మ చూసి “బరువులు ఎత్తకూడదండీ” అంది.

“ఎత్తడం లేదమ్మా, లాగుతున్నాను.”

“ఏం లాగుతున్నారు?”

పరువు అడ్డొచ్చి, “బీరువా” అని చెప్పింది పాపం ఆ మహాతల్లి. ఇంటికొచ్చాక మాత్రం మొగుడి దగ్గర మొహమాటపడలేదు.

“ఏమండీ, ఇక నావల్ల కాదు. కారైనా అమ్మండి, కార్లోనే కాపురమైనా పెట్టండి!”

“కన్నబిడ్డను అమ్ముకోమంటావుటే?”

“ఆ బిడ్డ ఒక్కనాడైనా మిమ్మల్ని తనంతట తాను వదిలిందా?”

నిజం చెప్పాలంటే ఆయనకు ఆ కారంటే ప్రాణం. అమ్మితే రేసుగారు కాస్తా ఉత్త సూపరింటెండెంటుగారైపోతారు. అమ్మకపోతే ఆవిడ చెయ్యి అందివ్వదు. అప్పుడు వీధి వీధంతా వచ్చి ఆయన్ని బయటికి పీకాలి.

అయినా పాతికేళ్ళుగా ఉద్యోగాలు ఖాళీగా ఉంచడంలో చెయ్యి తిరిగిన మనిషి! దారి దొరక్కపోతుందా? కారు అమ్ముతానని పేపర్లో ప్రకటన ఇచ్చారు. ఆదివారం షెడ్డులో బల్ల వేసి, బల్ల మీద గంట పెట్టి, కొనవచ్చిన వాళ్ళకు ఇంటర్వ్యూలు మొదలుపెట్టారు!

“ఈ కారే మీకెందుకు కావాలి?”

“తిరగడానికండీ” అన్నాడు బ్యాంకు ఉద్యోగి.

“తిరగడానికి!” రేసుగారు గుండె పట్టుకుని గంట కొట్టారు. “తరువాతివారు!”

చెప్పుల షాపు యజమాని మైలేజీ ఎంతిస్తుందని అడిగాడు. “తల్లిప్రేమకు మైలేజీ అడుగుతారుటండీ? మీరు వెళ్ళవచ్చు. ఫలితం పోస్టులో తెలియజేయబడును.”

పళ్ళ డాక్టరు ధర తగ్గించమన్నాడు. ప్రేమకు బేరమా అని కసిరి పంపేశారు. ఆ వెనక వచ్చినాయన చెప్పిన ధరకే సరేనన్నాడు. బేరమాడని వాడికి వస్తువు విలువ తెలియదని అతన్నీ పంపేశారు.

“చూశావా? అర్హులు దొరకడం లేదు. నేనేం చెయ్యను?” అన్నారు భార్యతో, మొహం వీలైనంత విచారంగా పెట్టి.

“మీ ఆఫీసులో కుర్చీలెందుకు ఖాళీగా ఉంటాయో ఇవాళ తెలిసింది” అంది ఆవిడ.

అంతలో వ్యాయామ సంఘం అధ్యక్షులవారు భార్యాసమేతంగా విచ్చేశారు. చురుకుదనం మీద ఆయన ఉపన్యాసం మొదలెడితే జనం కూర్చోలేక లేచి నిలబడేవారు. చొక్కా కింద బెల్టు బిగించి పొట్టను దాస్తారని గిట్టనివాళ్ళు అనేవారు. ఆడవాళ్ళిద్దరూ కాఫీకి లోపలికి వెళ్ళారు. ఇంటర్వ్యూ మొదలైంది.

“ఈ కారే మీకెందుకు?”

“ఇది కారంటారేమిటండీ! ఇది యౌవనం!”

రేసుగారు నిర్ఘాంతపోయారు. ఇది అచ్చం తను మాట్లాడే మాటే! దేనికని ఫెయిల్ చెయ్యడం? ఏ ప్రశ్న వేసినా నూటికి నూరు మార్కులొచ్చే జవాబే. కారు చేజారిపోయేలా ఉంది. కంగారులో ఆఖరి అస్త్రం తీశారు.

“ఇప్పుడు ప్రాక్టికల్ పరీక్ష. కూర్చుని చూపించండి.”

“ఓ, దానికేం!” అని అధ్యక్షులవారు దబ్బున కూలబడ్డారు. వెంటనే గేర్ల మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి చూసి రేసుగారు ఉండబట్టలేకపోయారు. ఒళ్ళు మరిచి రెండో వైపునుంచి తానూ దబ్బున కూర్చున్నారు!

ఇద్దరూ గేర్ల గురించి మాట్లాడుకున్నారు. బ్రేకుల గురించి మాట్లాడుకున్నారు. మాటలైపోయాయి. ఇద్దరూ ఎదుటి గోడకేసి చూస్తూ కూర్చున్నారు.

“అతిథులు, ముందు మీరు దిగండి.”

“అబ్బే, యజమానులు! ముందు తమరు.”

“పెద్దలుండగా నేనా?”

“అసలు నాకు దిగాలనే లేదండీ, ఎంత హాయిగా ఉందో!”

“నాకూ అంతే!”

కాఫీలు చల్లారిపోయాక ఆడవాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. అధ్యక్షులవారి భార్య ఒక్క చూపు చూసింది.

“మళ్ళీ ఇరుక్కున్నారా? మొన్న స్నానాల తొట్టిలో, ఇవాళ ఇక్కడ!”

రేసుగారి భార్య కళ్ళు మెరిశాయి. “వదినగారూ, మీకూ నడుం నొప్పేనా?”

“ఏం చెప్పమంటారు వదినగారూ! సోఫా లాగానని చెప్పాను డాక్టరుకి.”

“నేను బీరువా అన్నాను!”

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని పడీపడీ నవ్వారు. తరువాత రేసుగారి భార్య “వద్దే! నీకు పుణ్యముంటుంది, వద్దే!” అని ఆయన మొత్తుకుంటున్నా వినకుండా షట్టరు పూర్తిగా ఎత్తేసి, వీధిని కేకేసింది. అటు నలుగురు, ఇటు నలుగురు పట్టి ఇద్దరినీ బయటికి లాగారు.

కాళ్ళు నేలకు ఆనగానే అధ్యక్షులవారు చెయ్యెత్తారు. “సోదర సోదరీమణులారా! ప్రమాదంలో చిక్కుకున్నవారిని కాపాడడమెలాగో మా సంఘం తరఫున ప్రదర్శించాం!”

“నేను సహకరించాను!” అన్నారు రేసుగారు, టోపీ సవరించుకుంటూ.

“మరి ఇన్నాళ్ళూ క్లబ్బు ముందు ఒక్క ప్రదర్శనైనా ఇవ్వలేదేమండీ?” అన్నారెవరో. వీధంతా గొల్లుమంది.

రేసుగారి మొహం కారు రంగుకు తిరిగింది. “అమ్మేస్తాను! ఇప్పుడే! ఎవరు ముందొస్తే వాళ్ళకే!”

“అమ్మడానికి వీల్లేదు” అని భార్య ఆయన చేతిలోంచి తాళంచెవి లాక్కుంది.

“నువ్వు... నువ్వు నడుపుతావా? స్పోర్ట్సు కారు!”

“మీకు గేరు వెయ్యడం నేర్పిందెవరో వీధికి చెప్పమంటారా?”

వీధి చెవులు రిక్కించింది. రేసుగారు చప్పున పక్కకు తప్పుకున్నారు. ఆవిడ ఒక పక్క, వదినగారు ఇంకో పక్క ఎక్కారు. కారు దూసుకుపోయి వీధి చివర మందుల షాపు ముందు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. ఇద్దరూ చకచకా దిగి, నవ్వుకుంటూ లోపలికి వెళ్ళారు.

ఆ కారులోంచి మనిషి తనంతట తాను దిగడం వీధి కళ్ళారా చూడడం అదే మొదటిసారి.