ఓబళప్ప పడవకు ఆయుధ పూజ

ఆయుధ పూజ రోజు పొద్దున ఓబళప్ప వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆరు గంటలకు పడవ లోపలి ముందు పీట మీద ఆఖరి పూత వేయాలి. పూత గట్టిపడేలోగా ట్రాక్టరున్న నారాయణప్ప ఇంటికి వెళ్ళి, మరునాడు పడవను చెరువుకు చేర్చడానికి మాట్లాడుకోవాలి. మధ్యాహ్నం నాలుగు ఓళిగలు, అంటే బొబ్బట్లు, తిని నడుం వాల్చాలి. మర్నాడు విజయదశమి సాయంత్రం పడవను యలహంక చెరువులోకి దించి, అందులో తను దర్జాగా కూర్చోవాలి. ఇంతే. రాజ్యాలేమీ అడగలేదు పాపం.

ఎనభై మూడో సంవత్సరం మాట ఇది. యలహంక పాతపేటలో నెత్తి మీద రోజూ వైమానిక దళం విమానాలు తిరిగేవి కానీ, సొంత పడవ ఉన్న మనిషి ఒక్కడూ లేడు. ఓబళప్ప బెంగుళూరులో ఒక ఫ్యాక్టరీలో ఫైబర్ సెక్షన్ మేస్త్రీ. బస్సు సీట్లు, నీళ్ళ తొట్లు పోస్తాడు. ఇరవై ఏళ్ళుగా నీళ్ళు లోపల నిలిచే తొట్లు చేసి చేసి, నీళ్ళు బయటే ఆగిపోయే తొట్టి ఎలా ఉంటుందో చూడాలని అతనికి బుద్ధి పుట్టింది. ఆ కుతూహలం ముదిరి, మంగళూరు వైపు వేలంలో పద్నాలుగు అడుగుల పాత చేపల పడవ కొని, కాఫీ గింజల లారీ మీద వేయించుకొచ్చాడు. అడుగున బారెడు పగులు, ముందు పీట కింద చెక్క పుచ్చిపోయింది, ఒళ్ళంతా ఎండిన గవ్వల పొక్కులు.

ఐదు నెలల ఆదివారాలు దానికే పోశాడు. పొక్కులు గీకాడు, పగులు సానబట్టి ఫైబర్ చాప పరిచి, ఆరితే రాయిలా బిగిసే రెసిన్ జిగురు పట్టించాడు, పుచ్చిన చెక్క పీకి టేకు వేశాడు. సందేహం వచ్చినప్పుడల్లా వీధి చివర అద్దెకుండే సుందరరావు మాస్టారిని అడిగేవాడు. మాస్టారిది బందరు వైపు. పేటలో పడవ ఎక్కినవాడు ఆయనొక్కడే.

ఓబళప్ప భార్య కమలమ్మకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. పెరడు పోయింది, అప్పడాలు ఎండబెట్టే చోటు పోయింది, ఫైబర్ దుమ్ము చీరల్లో చేరి ఇంటిల్లిపాదికీ దురదలు. వినాయక చవితినాడే తేల్చి చెప్పింది. "చూడయ్యా, దసరా లోపల అది నీళ్ళలోకి పోవాల. లేదంటే మా మునినారాయణకి ఇచ్చేస్తా. వాని ఎనుములకి కుడితి తొట్టి కావాలంట."

ఆమె తమ్ముడు మునినారాయణప్పకు ఆరు గేదెలున్నాయి. అతను అప్పటికే వచ్చి పడవను జానలతో కొలుచుకుని వెళ్ళాడు. "మూతులు ఆరు సరిగ్గా పడతాయి బావా," అన్నాడు కూడా. ఆ రాత్రి ఓబళప్పకు అన్నం సహించలేదు.

సరే, పండగ పొద్దున చలిగా ఉందని రెసిన్‌లో గట్టిపడే మందు మూతెడు ఎక్కువే కలిపాడు. ముందు పీట మీద చాప పరిచి, వేలి మందాన పోసి, కుంచెతో సాపు చేశాడు. అద్దంలా తేలింది. తర్వాత ఉలి, సుత్తి, రంపం, ఆకురాయి అన్నీ కడిగి పలక మీద పేర్చాడు. ఆయుధ పూజకు పెట్టిన పనిముట్టును మర్నాడు పునఃపూజ అయ్యేదాకా ఎవరూ ముట్టకూడదు. అది ఆ పేటలో అందరికీ తెలిసిన కట్టుబాటే.

"ఏమే, పడవ పచ్చిగా ఉండాది. ఎవురూ ముట్టుకోవద్దు," అని కేకేసి వెళ్ళిపోయాడు.

"నాకేం పని దాంతో," అంది కమలమ్మ లోపలినుంచి.

కానీ పండగ పండగే కదా. సైకిలుకు బొట్టు పెట్టింది, కుట్టు మిషనుకు పెట్టింది, కూరలు తరిగే ఈలపీటకు పెట్టింది. పనిముట్ల పలకకు పూలు పెట్టి తలెత్తేసరికి పడవ కనబడింది. దీన్నొక్కదాన్నే వదిలేస్తే ఎట్లా అనిపించింది. ఎంత తిట్టినా ఐదు నెలలు మొగుడు బిడ్డను సాకినట్టు సాకాడు. అతను వచ్చి చూసి సంతోషపడతాడని మనసు కరిగింది. స్టూలెక్కి తొంగి చూసింది. ముందు పీట తడితడిగా, అప్పుడే అలికిన నేలలా మెరుస్తోంది. అలికిన నేల ఆరకముందే ముగ్గు పెట్టాలని తెలియని ఆడది ఎక్కడైనా ఉంటుందా? గబగబా బియ్యప్పిండితో ముగ్గు వేసింది, పసుపు కుంకుమలు చల్లింది, పూజగదిలోంచి ఇంటి దేవత చౌడమ్మ జానెడు ఇత్తడి విగ్రహాన్ని తెచ్చి నడిమధ్య నిలబెట్టి హారతిచ్చింది. తర్వాత ఓళిగలు చేయడానికి లోపలికి పోయింది.

గంటన్నర తర్వాత అమ్మవారిని లోపలికి తీసుకుపోదామని వచ్చి ఎత్తబోతే, విగ్రహం రాలేదు. రెండు చేతులా ఎత్తింది. పడవే కాస్త కదిలింది కానీ అమ్మవారు కదల్లేదు. "పార్వతక్కా, ఒకసారి రాక్కా!" అని పక్కింటి గోడ మీదుగా అరిచింది.

పార్వతమ్మ వచ్చింది, కొంగు బిగించి లాగింది, లాభం లేక లెంపలేసుకుంది. "కమలా, అమ్మోరు రానంటాది!"

పార్వతమ్మ నోటికి ఒక మాట చిక్కాక పేటలో టముకు వేయించే పని లేదు.

నారాయణప్ప ఇంటి దగ్గర ఓబళప్పకు వేరే దెబ్బ తగిలింది. ట్రాక్టరు పూజకు కట్టిన అరటి చెట్లతో పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. "రేపు కుదరదప్పా. ఇంటోళ్ళనంతా ట్రాలీలో వేసుకుని దొడ్డబళ్ళాపురం అత్తగారింటికి పోతా ఉండాము," అన్నాడు నారాయణప్ప. ఇంకో నలుగురిని అడిగినా ఇలాంటి జవాబే. పదకొండింటికి కాళ్ళీడ్చుకుంటూ వచ్చేసరికి తన ఇంటి ముందు వందకు పైగా చెప్పులున్నాయి. ఇంట్లో ఎవరో పోయారనుకున్నాడు. తీరా చూస్తే పెరట్లో కొబ్బరికాయలు పగులుతున్నాయి.

"ఏమే ఇది? ముట్టుకోవద్దంటి కదా!"

"నేను ముట్టుకోలేదయ్యా. అమ్మోరిని పెడితిని, అంతే. లేస్తా లేదు!"

ఓబళప్ప వంగి చూశాడు. విగ్రహం పీఠం అడుగున డొల్ల. రెసిన్ ఆ డొల్లలోకి ఎక్కి లోపలే బిగిసిపోయింది. ముగ్గు, కుంకుమ అద్దం కింద పెట్టినట్టు శాశ్వతంగా కనబడుతున్నాయి. మేస్త్రీగా మొదట అతనికి కలిగింది మెచ్చుకోలే. ఇంత గట్టి అతుకు ఫ్యాక్టరీలో కూడా పడలేదు.

"ఇది మహిమ కాదప్పా, రెసిన్! గోందు మాదిరి అంటుకొనింది!"

"అమ్మోరిని గోందు అంటాడే!" అంది పార్వతమ్మ. జనం ముక్కున వేలేసుకున్నారు.

"కావాలంటే మాస్టారిని అడగండి."

గుంపులో ఉన్న సుందరరావు మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఓబళప్పగారు చెప్పేది నిజమేనండీ. ఇది రసాయన చర్య," అన్నారు.

"మీరు ఆదివారం చర్చికి పోయేటోళ్ళు సార్. మా అమ్మోరి సంగతి మీకెట్ల తెలుస్తాది?" అని పార్వతమ్మ తోసిపుచ్చింది.

ఓబళప్ప ఉలి కోసం చెయ్యి చాపాడు. ఒక్కసారిగా ఊరంతా అరిచింది. పూజకు పెట్టిన ఉలి! అదీ ఆయుధ పూజనాడు! అదీ అమ్మవారి మీదికి! గుడి పూజారి చిన్నప్ప పరుగున వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. "రేపటిదాకా అది నీ ఉలి కాదు ఓబళప్పా, దేవుడు."

మధ్యాహ్నానికి పెరట్లో పందిరి లేచింది. మూడింటికి కమిటీ ఏర్పడింది. అధ్యక్షుడు మునినారాయణప్ప. ఎవరు ఎన్నుకున్నారో ఎవరికీ తెలియదు. నిన్నటిదాకా కుడితి తొట్టి కోసం కాచుకున్న మనిషి, ఇప్పుడు పడవ చుట్టూ గోడ కట్టడానికి నేల మీద ముగ్గుపిండితో గీతలు గీస్తున్నాడు.

"ఇంక ఇది పడవ కాదు బావా, గుడి. ఈడనే కడతాము. పైన గోపురం."

ఓబళప్పకు ఏడుపొచ్చినంత పనైంది. తొట్టి అయితే రేపోమాపో బతిమాలి తెచ్చుకోవచ్చు. గుడిని ఎవరు బతిమాలతారు? తన పడవ చుట్టూ నీళ్ళకు బదులు ఇటుకలు లేస్తాయి. ఇన్నాళ్ళ ఆశ పెరట్లోనే సమాధి. కాసేపు తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. జనాన్ని తిట్టుకున్నాడు, పెళ్ళాన్ని తిట్టుకున్నాడు, మూతెడు మందు ఎక్కువ పోసిన తన చేతినీ తిట్టుకున్నాడు. అప్పుడు ఒక ప్రశ్న తోచింది. లేచి వెళ్ళి అందరిముందూ పూజారిని అడిగాడు.

"చిన్నప్పా, నాకు తెలీక అడుగుతా ఉండాను. అమ్మోరికి మా ఇంట్లో పీట ఉండాది. ఊర్లో గుడి ఉండాది. అన్నీ విడిచి పడవలోనే ఏమిటికి కూర్చునింది?"

పూజారి గడ్డం గోక్కున్నాడు.

"పడవనేది యాడికి పోతాది?" అన్నాడు ఓబళప్ప మెల్లగా.

"నీళ్ళకి పోతాది," అంది పార్వతమ్మ.

"తెప్పోత్సవం!" అని పూజారి ఎగిరి గంతేశాడు. "అమ్మోరు తెప్పోత్సవం అడుగుతాది! రేపే, విజయదశమికే!"

ఓబళప్ప ఒక్క అబద్ధం ఆడలేదు. ప్రశ్నలే అడిగాడు.

మర్నాడు సాయంత్రం ట్రాక్టరు అవసరమే పడలేదు. నలభై మంది వెదురు బొంగుల మీద పడవను భుజాలకెత్తుకున్నారు. ముందు తమటె డప్పులు, వెనక హారతి పళ్ళేలు. దారిపొడుగునా కడవలతో నీళ్ళు పోసి, ఇంటింటా కర్పూరం వెలిగించారు. ఓబళప్ప పక్కనే పరుగెడుతూ "అడుగు జాగ్రత్తప్పా, అడుగు రాళ్ళకి తగలనీయొద్దు!" అని గొంతు పోయేలా అరిచాడు. అదేదో భక్తి పారవశ్యమనుకుని జనం అతనికి దండాలు పెట్టారు.

పడవ నీళ్ళను తాకింది. ఒకసారి అటూ ఇటూ ఊగి, నిమ్మళంగా నిలబడింది. ఓబళప్ప మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి లోపలికి తలపెట్టి, పాత పగులు ఉన్న చోట చెయ్యి ఆనించి చూశాడు. పొడి. ఎముకలా పొడి! నీళ్ళన్నీ బయటే ఉన్నాయి. అతని కళ్ళు మాత్రం నిండిపోయాయి.

"బావా, ఎంతమందిని మోస్తాది?" అని అధ్యక్షుడు అందరికీ వినబడేలా అడిగాడు.

ఐదు నెలల్లో ఆ పడవ గురించి పేటలో ఒకడు మర్యాదగా అడగడం అదే మొదలు. ఓబళప్ప ఛాతీ ఉబ్బింది. "నలుగురు! ఐదో మనిషి ఎక్కితే ముందుకి మునుగుతాది. ఫైబర్ సంగతి నాకు తెలుసు, నా మాట వినండి."

ఆ మాట అందరూ తూచా తప్పకుండా విన్నారు. హారతివ్వడానికి పూజారి ఎక్కాడు. ఇంటి దేవత కాబట్టి దీపం పట్టుకుని కమలమ్మ ఎక్కింది. ఎవరూ పిలవకుండానే అధ్యక్షుడు ఎక్కాడు. తెడ్డు వేయడం వచ్చినవాడు ఇంకెవరూ లేరు గనక, ప్యాంటు మడిచి సుందరరావు మాస్టారు ఎక్కారు. ఓబళప్ప ఒక కాలు పైకెత్తాడు, లెక్కపెట్టుకున్నాడు, దించేశాడు.

"నెట్టు బావా!" అన్నాడు మునినారాయణప్ప.

నెట్టాడు. నడుం లోతు దాకా వెళ్ళి మరీ నెట్టాడు. పడవ తామరాకుల పక్కగా సాగిపోతుంటే, దీపం వెలుగులో కమలమ్మ వెనక్కి తిరిగి చిన్నపిల్లలా కేకేసింది. "ఏమయ్యా, ఎంత మెత్తగా పోతా ఉండాదో! ఇంత బాగుంటాదని ముందే చెప్పకూడదా?"

మరుసటి రోజు నుంచి ఉలి ఓబళప్పదే కానీ, పడవ కాదు. దానికి చెరువు గట్టున కమిటీ పాక వేయించింది. చేపలు పట్టడం నిషేధం. కమలమ్మకు ప్రతి శుక్రవారం పడవలో చెరువు మీద ఒక చుట్టు. పడవలో ఒక్కసారి కూర్చోవడానికి అనుమతి కోరుతూ ఓబళప్ప పెట్టుకున్న అర్జీని కమిటీ తిరస్కరించలేదు. దరఖాస్తుదారుకు పడవతో ఏమి సంబంధమో రాతపూర్వకంగా తెలపమని మాత్రం అడిగింది.