మంత్రిగారి మెదడుకు ప్రారంభోత్సవం

ఆ ఉదయం ఇంట్లో ఉన్నది మంత్రిగారు, ఆయన భార్య, పీఏ, ఇద్దరు గన్‌మన్లు, సెలవులకు పల్లె నుంచి వచ్చిన తమ్ముడి కూతురు. ఈ ఆఖరి మనిషిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆమె కూడా తీసుకోలేదు.

"నేటి నుంచి మన ఊళ్లో పక్షవాతానికి స్థానం లేదు!"

పదకొండింటికి పెద్దాసుపత్రిలో మెదడు స్కానింగ్ మిషన్ ప్రారంభిస్తూ అనాల్సిన ఈ మాటను మంత్రిగారు అద్దం ముందు సాధన చేస్తున్నారు. మూడోసారికి నోరు తిరగలేదు. మూతి ఎడమకు లాగేసింది. కుడిచేతిలో కాగితం జారిపోయింది.

ఇలాంటప్పుడు వెంటనే స్కాన్ తీయించాలని, నిమిషం కూడా వృథా చెయ్యకూడదని అమ్మాయి సైన్సు పరీక్షలో రాసింది. ఐదుకి ఐదు మార్కులొచ్చాయి. ఇప్పుడు అదే చెప్పాలి. "పెదనాన్నా" అనాలా, "మంత్రిగారూ" అనాలా అన్న దగ్గర ఆగిపోయింది. ఈలోగా పెద్దమ్మే కేకేసింది.

"డాక్టర్ని పిలవండయ్యా!"

"ఎన్నికల ముందు సార్‌కి జబ్బా? టికెట్ గల్లంతేనమ్మా!" అన్న పీఏ ముఖం అంతలోనే వెలిగింది. "ఎలాగూ మిషన్ దగ్గరికే పోతున్నాం. మొదటి స్కాన్ సార్‌దే. ప్రజలకి ధైర్యమివ్వడానికి తానే పడుకున్నారంటాం. వైద్యానికి వైద్యం, ఫొటోకి ఫొటో!"

ఇంత తెలివి తనకెందుకు లేదా అని అమ్మాయి సిగ్గుపడింది. సిగ్గుపడటంలో ఆమెకు మంచి అనుభవం ఉంది.

రిబ్బన్ తెగింది. మంత్రిగారిని మోసిన బల్ల మిషన్‌లోకి వెళ్లి వచ్చింది. కారులోనే రాసుకొచ్చిన ప్రెస్‌నోట్‌ని పీఏ మైకులో చదివాడు. "మంత్రిగారి మెదడులో పక్షవాతం జాడే లేదు!" జనం చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ కళ్లు తుడుచుకుని ఆయన్ని పక్కనున్న విశ్రాంతి గదికి నడిపించుకెళ్లింది.

అందరూ వెళ్లాక, అమ్మాయి టెక్నీషియన్‌ని మూడుసార్లు పిలిచింది. మూడోసారి అతనికి వినిపించింది.

"అన్నా, పెదనాన్న మెదడు ఫొటో ఒకసారి చూపిస్తారా?"

"ఎక్కణ్ణుంచి తేవాలమ్మా? ఇది పైన డొప్ప మాత్రమే. లోపలి మిషన్ వచ్చే నెల వస్తుంది. బల్లని తోసింది నేనే."

"మరి మంత్రిగారికి తెలీదా?"

"డొప్పకే ప్రారంభోత్సవం చెయ్యమని సంతకం పెట్టింది ఆయనే. చదివి పెట్టే అలవాటు లేదు కదా! నిజం స్కాన్ కావాలంటే పక్క వీధి ఆసుపత్రిలో ఉంది."

అమ్మాయి పరుగెత్తింది. జన్మలో మొదటిసారి మాటలు కూర్చుకోకుండానే అరిచింది.

"పెద్దమ్మా, అది ఉత్త డొప్ప! స్కాన్ తియ్యనేలేదు! పెదనాన్నని పక్క వీధికి తీసుకెళ్దాం, టైమ్ లేదు!"

"ష్! ఏమీ లేదని అంతమందిలో మైకులో చెప్పాక ఇంకా నీ గోలేమిటే?" పెద్దమ్మ గొంతు తగ్గించింది. "పాపం, బాగా అలిసిపోయారు. ఎంత పిలిచినా పలక్కుండా నిద్రపోతున్నారు."

చప్పుడు కాకుండా తలుపు మూసేసింది.