తలా తోకా ఉన్న మాటలు

మా పెళ్ళికి నలభై ఏళ్ళు నిండిన సందర్భంగా చర్చిలో పూజ పెట్టించాం. ఇంగ్లీషు బైబిలు పఠనం నన్నే చదవమన్నారు ఫాదర్ పాన్‌ఫిలో. ఇలోయిలో రేవుకీ గిమారాస్ దీవికీ మధ్య పడవ నడుపుకునేవాణ్ణి నేను. ఇంగ్లీషులో కాస్త పొడుగు మాట కనబడితే చాలు, నా నాలుక లంగరు వేసేస్తుంది.

మా ఆవిడ లిబ్రాదా ఏమో ఊరందరికీ ఒకటో తరగతి చెప్పిన టీచరు. ఆవిడ ముందు ఒక్కసారైనా తప్పుల్లేకుండా చదివి శభాష్ అనిపించుకోవాలని నా ఆశ. మరి నేర్పేదెవరు? ఆవిడే. కాకపోతే ఆవిడకి తెలియకుండా!

వంటింట్లో బంగుస్ చేప కోస్తుంటే పక్కన చేరాను.

"రికన్సిలియేషన్ అన్న మాటని ఎలా విడదీస్తారే? పక్కింటి పిల్ల అడిగింది."

"అయిదేళ్ళ పిల్లకి అదెందుకయ్యా? బొమ్మతో తగువు పడి రాజీ పడాలా?"

"నాకేం తెలుసు! చెప్పొచ్చుగా."

"ఇదిగో, ఈ చేపే అనుకో. 'రి' తల. 'షన్' తోక. మధ్యలోది ముక్కలు చెయ్యి." కత్తి టకటకలాడింది. "రి-కన్-సి-లి-యే-షన్."

మర్నాడు ఇంకో మాట, ఆ మర్నాడు మరోటి. వారమంతా ఆవిడ పక్కనే కూచున్నాను. పిచ్చిది, ఏమీ పసిగట్టలేదని మురిసిపోయాను.

ఆదివారం మైకు ముందు నిలబడ్డాను. ఆ మాట రానే వచ్చింది. "రి..." అన్నాను. తల చేతికొచ్చింది, చేప జారిపోయింది. ఇవాళే పరువు పోవాలా దేవుడా!

ముందు వరసలో లిబ్రాదా విసనకర్ర మడిచి అరచేతిలో టక్‌మని కొట్టింది. ఆ చప్పుడు వినగానే, ఒకటో తరగతిలో ముక్కముక్కకీ చప్పట్లు కొట్టిన అలవాటు ఎక్కడికి పోతుంది, చర్చంతా చప్పట్లతో అందుకుంది. "రి! కన్! సి! లి! యే! షన్!" మేయరుగారూ కొట్టారు. ఫాదరూ కొట్టారు. వాళ్ళూ ఆవిడ శిష్యులేగా! ఆపైన ప్రతి పొడుగు మాటకీ అదే తంతు. చదివింది నేనో ఊరో ఆ దేవుడికే తెలియాలి.

ఇంటికొచ్చి తలొంచుకున్నాను.

"నీకు ముందే తెలుసా?"

"ఫాదర్‌కి నీ పేరు చెప్పిందెవరనుకున్నావ్? పొడుగు మాటలున్న పఠనం ఏరి ఇచ్చిందెవరు?"

"ఎందుకే, నా పరువు తీయడానికా?"

"తినడం, పడవ దగ్గరికి పోవడం. ఇన్నేళ్ళూ ఇంతేగా నువ్వు! ఈ వారం నా పక్కన కూచుని కబుర్లు చెప్పావు. నాకదే బాగుందయ్యా."

మర్నాడు పడవ తీయలేదు. ఆవిడ చేప ముందేసుకోగానే పీట లాక్కుని పక్కన కూచున్నాను.

"రికన్సిలియేషన్ కంటే పొడుగు మాటేదైనా ఉంటే చెప్పవే," అన్నాను.