పొగ పడని యంత్రం

సకల జనులకూ తెలియజేయడమేమంటే, తిరుపతిలో యతిరాజులుగారి ఇల్లు ఇక మీదట కాలిపోదు. ఇందుకు తగిన ఏర్పాటు ఎనభై మూడో సంవత్సరం వైశాఖంలో జరిగింది. పొగను పసిగట్టి కూతపెట్టే యంత్రాన్ని ఆయన మద్రాసులో ఓడసరుకు అమ్మే అంగడి నుంచి స్వయంగా తెచ్చారు. ఉన్న నాలుగింటినీ చెవి దగ్గర పెట్టుకుని మోగించి, అన్నిటికన్నా గట్టిగా అరిచినదాన్ని ఎంపిక చేశారు. ఎవరెవరి చేతులు మారి వచ్చిందో తెలియదు గనుక పసుపునీళ్లు చల్లి ఇంట్లోకి తీసుకున్నారు.

అది చూసి ఆయన భార్య రంగనాయకికి ఒక ఆలోచన వచ్చింది. కట్టెల పొయ్యి పొగకు ఆమెకు దగ్గు పట్టుకుని ఆరేళ్లయింది. పొగకు దూరంగా ఉండమని డాక్టరు చెప్పాడు. గ్యాసు తెప్పించమంటే, సిలిండరు నలుగురి చేతులూ మారి వస్తుంది, మడి వంటకు పనికిరాదని యతిరాజులుగారు తీర్పు చెప్పి ఉన్నారు.

"ఆ పసుపునీళ్లేవో సిలిండరు మీద కూడా చల్లితే సరిపోదాండీ?"

"అది వేరు, ఇది వేరు," అన్నారాయన. అంతకంటే వివరణ అవసరం లేకపోయింది.

యంత్రాన్ని వంటింట్లో పొయ్యికి పైన బిగించారు. మర్నాడు పొద్దున పొయ్యి రాజేయగానే అది వీధంతా వినపడేలా అరిచింది. పక్కింటి మునిరత్నమ్మ గోడ మీదుగా తొంగిచూసింది.

"ఏంది అక్కా, అట్ల అరస్తా ఉండాది? ఇల్లు గాని అంటుకునిందా?"

"లేదు మునిరత్నా, చారు కాగతా ఉండాది."

"చారుకే ఇంత గోలైతే, పండగ వంటకు ఫైరింజన్ రావల్ల!"

రంగనాయకి నవ్వింది, నవ్వుతూ దగ్గింది. లోపల మాత్రం చిన్న ఆశ పుట్టింది. ఆరేళ్లుగా తను చెబుతున్నదాన్నే ఆ పెట్టె చెబుతోంది. పైగా మద్రాసు నుంచి వచ్చింది. దాని మాటైనా వింటారు.

విన్నారు. వారం తిరగకుండా రేడియోలు బాగుచేసే ఏకాంబరాన్ని పిలిపించారు. అతను పెట్టె విప్పి, మసి తుడిచి, తల ఆడించాడు.

"అయ్యా, దీనికి పొగ పడదు. ఈడనే పెడితే ఊపిరాడక సచ్చిపోతాది. గాలి తగిలే తావు సూడల్ల."

యతిరాజులుగారి మనసు కరిగింది. "నోరులేని వస్తువు. పొగలో ఎన్నాళ్లని బాధపడుతుంది? మనం మానవత్వంతో ఆలోచించాలి," అని ప్రసంగించి, అప్పటికప్పుడే దాన్ని ముందుగదిలో కిటికీ పక్కకు మార్పించారు. అక్కడ అగరొత్తులు నిషేధించారు. శుక్రవారం శుక్రవారం మెత్తటి గుడ్డతో తుడిచే బాధ్యత రంగనాయకికి అప్పగించారు. పొగ ముందుగదిలోకి రాకుండా వంటింటి తలుపు మూసుకుని వండమని కూడా ఉత్తర్వు వేశారు.

ఆ తరువాత ఒకరోజు అది కీచుమని సన్నగా మూలిగింది. నిమిషానికోసారి. బ్యాటరీ నీరసించిందని ఏకాంబరం చెప్పగానే యతిరాజులుగారు ఆఫీసుకు సెలవు పెట్టారు. అలాంటి బ్యాటరీ తిరుపతిలో దొరకలేదు. ఎండలో బస్సెక్కి చిత్తూరు పోయి తెచ్చి వేసేదాకా ఆయన అన్నం ముట్టలేదు.

ప్రస్తుతం యంత్రం ఆరోగ్యంగా ఉంది. చూడదలచినవారు ఏ ఆదివారమైనా రావచ్చు. కాఫీ ఇస్తారు. కాస్త పొగవాసన వేస్తే సర్దుకోవాలి. మూసిన తలుపు వెనక దగ్గు వినిపించినా కంగారు పడనక్కరలేదు. అది ఆరేళ్లుగా బ్యాటరీ లేకుండానే పనిచేస్తోంది.